నాయిన కారు మీటరు

శామీర్‌పేట, ఆదివారం, 2004

నాయిన పోయాక మూలబడ్డ అంబాసిడర్‌ను అన్న మేడ్చల్ షెడ్డులో బాగుచేయించి తెచ్చాడు. ఎంత మురిసిపోయానో! తీరా లోపల కూర్చుని చూస్తే కిలోమీటర్ల మీటరులో చివరి రెండంకెలు తప్ప అన్నీ సున్నాలే.

"అమ్ముదామని ఇంజను కొత్తగ జేయించిన. మీటరు గూడ తిప్పిచ్చిన," అన్నాడు అన్న.

సాయంత్రం కారు కొనడానికి వచ్చినాయన ఇదివరకు ఎంత తిరిగిందని అడిగాడు.

"ఏం తిరగలే సార్. ఇంట్లనే ఉండె," అన్నాడు అన్న.

చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి జబ్బుచేసినా అందులోనే దవాఖానకు చేర్చిన మనిషి నాయిన. ఊరుకోలేకపోయాను.

"గట్ల కాదు సార్, మస్తు తిరిగింది," అన్నాను.

"చెప్పి అమ్మితే తప్పులేదు. దాస్తే మోసమైతది," అని ఆయన వెళ్లిపోయాడు.

అన్న నా మీద అలిగి అన్నం తినలేదు. తిప్పకముందు మీటరులో ఎంత ఉందని షెడ్డుకు ఫోన్ చేశాను. ఎవరూ చూడలేదట. నాయిన ఎంత దూరం తిరిగాడో ఇక ఎవరికీ తెలియదు.