కింది మడి ఎందుకు పచ్చగా ఉంది

ఆగస్టు 20
సింహాచలం బావ మడి నా మడి కంటే పచ్చగా ఉంది. యూరియా ముట్టుకోనంటాడు. ఆవుపేడ, మూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో పులియబెట్టి పోస్తాడట. అంతేనట.
నమ్మను.

ఆగస్టు 22
పొద్దున్నే బావ కళ్లం వెనక చూసి వచ్చాను. ఖాళీ యూరియా సంచి ఒక్కటీ లేదు. కాల్చేసి ఉంటాడు.

ఆగస్టు 23
మా ఆవిడ పైడమ్మ మళ్లీ ఎత్తుకుంది. "మనమూ యూరియా మానేద్దుం. కిందటేడు తుపానుకి నీ వరి సాపలా పడిపోనాది. మా అన్నది నిలబడింది కాదేటి?"
నిలబడింది. చూశాను. గట్టు మీది తాటిచెట్లు గాలికి అడ్డొచ్చి ఉంటాయి.
మా ఏడాది తిండిగింజలు నా మడిలోవే. వాళ్లన్న మాట నమ్మి దాన్ని పోగొట్టుకోలేను.

ఆగస్టు 26
యూరియా చల్లాను. నీళ్లు తీసేసి చల్లాలి. ఎప్పుడూ తియ్యను — కాలవ వంతు మళ్లీ ఎప్పుడొస్తుందో.
సాయంత్రం గట్టు మీద కూర్చున్నాను. నా మడి నిండాక నీళ్లు గట్టుకి కొట్టిన గండి, మడవలోంచి కింద ఉన్న బావ మడిలోకి దిగుతున్నాయి. తాతలనాటి నుంచీ అంతే, పై మడి తాగాకే కింది మడి.
అప్పుడు తట్టింది. నా యూరియా అటే పోతోంది. ఆ పచ్చదనం నాది!

ఆగస్టు 27
మడవకి మట్టి కొట్టేశాను. పైడమ్మకి చెప్పలేదు.

ఆగస్టు 30
బావ వచ్చాడు.
"ఏటి బావా, మడవ కట్టేసినావు? నా మీద కోపమేటి?"
ఎందుకో చెప్పాను. పడీపడీ నవ్వాడు.
"నీ యూరియా తాగి బతుకుతన్నానంటావు! సరే, కట్టే ఉంచు. కాస్త ఆరితే వేరు లోపలికి దిగుతాది."
గొడవ పడలేదు. అదే అనుమానం. ఎందుకంత ధీమా?

సెప్టెంబరు 4
వాన లేదు. కింది మడి బీటలు. ఆకు చుట్టుకుంటోంది. రంగు మాత్రం తగ్గలేదు... లేక నా కళ్లకే అలా ఉందో.

సెప్టెంబరు 5
పైడమ్మకి తెలిసిపోయింది.
"పంట సంపేసి ఏటి తెలుసుకుంటావు? ఎండిపోతే నీళ్లు లేక అంటాడు మా అన్న. యూరియా లేక అంటావు నువ్వు. ఇంక తేలేదేటి?"
కంచం ముందునుంచి లేచిపోయింది.

సెప్టెంబరు 7
రెండో విడత యూరియాకి అదును దాటిపోతోంది. సంచి విప్పాను. మళ్లీ మూతి కట్టాను.
చల్లితే మడవ తియ్యకూడదు. తీస్తే చల్లకూడదు. నా యూరియా కలవని నీళ్లు దిగితేనే బావ సంగతి తేలుతుంది.
పారతో మట్టి లాగేశాను. నీళ్లు దిగాయి.
యూరియా మానలేదు నేను. బావని పరీక్షిస్తున్నాను, అంతే.

సెప్టెంబరు 10
యూరియా సంచి మూలన అలాగే ఉంది. పైడమ్మ చూసింది.
గట్టు మీద నిండు బిందె. బావ పెట్టి వెళ్లాడు, తన డ్రమ్ములోది. నేను అడగలేదే. మడవ కట్టే ఉంచమన్నప్పుడే ఇక్కడిదాకా ఊహించాడా?
నా మడి ఆకు రంగు కొంచెం తగ్గినట్టుంది.
బిందె మూత తీసి వాసన చూశాను. మడిలో పొయ్యలేదు. పారబొయ్యనూ లేదు.