వెనక్కి అడిగిన కవర్లు

4వ తేదీ

ప్రియమైన పెదనాన్నకి,

ఫోనుండగా ఉత్తరమేమిటి అనుకోకండి. ఫోనులో మీరు "ఊఁ" తప్ప ఇంకో మాట అనరు. కాగితం మీదైతే నాలుగు ముక్కలైనా రాస్తారని ఆశ.

మీరు ముప్ఫై రెండేళ్ళు గంట కొట్టిన హైస్కూల్లోనే నాకు ఉద్యోగం వచ్చింది. మేడమీద చివరి గది నాది. ఆఖరి సంవత్సరం పిల్లలు నూట పన్నెండు మంది. బడి అయ్యాక ఎవరేం చదవాలి, ఏ కాలేజీకి రాయాలి, ఏ కాగితం ఏ తారీకులోగా పంపాలి, అదీ నా పని. ఒకడు డాక్టరవుతానంటాడు, వేలు తెగితే కళ్ళు తిరిగి పడిపోతాడు. ఒకతె ఏ కాలేజీ అంటే "మా బెంచీ అంతా ఎక్కడికెళితే అక్కడికి మేడమ్" అంటుంది.

ఇక్కడింకా మీ పద్ధతే నడుస్తోంది. దరఖాస్తులన్నీ కవర్లలో పెట్టి, అంటించి, బీరువాలో దాచి, ఇరవయ్యో తారీకున ఒక్కసారే పోస్టుకి పంపుతాం. మీ రోజుల్లో హెడ్మాస్టరు గారు ఇక్కడ కుర్ర మాస్టరట. "మీ పెదనాన్నది మహా మంచి చెయ్యమ్మా. కవరు వెనక్కి తీసేసుకున్న పిల్లలకి కూడా సీట్లొచ్చేవి" అని నవ్వారు. అదేమిటో నాకు అర్థం కాలేదు.

ఒక సలహా కావాలి. మా దగ్గర ఒక పిల్ల ఉంది. అందరూ లెక్కల పిల్ల అంటారు. దూరపు పెద్ద కాలేజీకి రాయించాను, సీటు ఖాయం. నిన్న వచ్చి "నా కవరు నాకిచ్చెయ్యండి" అంది. ఇవ్వనా, ఆపనా? మీరైతే ఏం చేసేవారు?

నాలుగు ముక్కలు. లెక్కపెట్టుకుంటాను.

మీ బుజ్జమ్మ


7వ తేదీ

బుజ్జమ్మకి,

ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. మెట్ల మీద మూడోది వదులుగా ఉంటుంది. చూసి ఎక్కు.

కవరు ఇవ్వకు. బీరువా తాళం కనపడలేదని చెప్పు. ఇరవయ్యో తారీకు దాకా అలాగే చెప్పు.

నేను బాగానే ఉన్నాను. దర్జీ షాపు పైగది. గాలి వస్తుంది. మిషను చప్పుడుకి అలవాటు పడ్డాను. దరఖాస్తుల నెలలో మాత్రం సాయంత్రాలు బాగుండవు. నాలుగింటికి ఎవరో తలుపు కొడతారు. మూడుసార్లు. కింద దర్జీ మెట్లెదురుగానే కూర్చుంటాడు. ఎవరూ ఎక్కలేదంటాడు.

ఆ పిల్ల ఏ వేళకి వస్తోంది? రాయి.

ఇట్లు, నీ పెదనాన్న


11వ తేదీ

ప్రియమైన పెదనాన్నకి,

మీరు చెప్పినట్టే తాళం పోయిందన్నాను. చెబుతున్నప్పుడు తాళాల గుత్తి నా బల్ల మీదే ఉంది. ఆ పిల్ల గుత్తిని చూసింది, నన్ను చూసింది, వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అయినా రోజూ వస్తోంది. నాలుగింటికి, గంట కొట్టగానే. గుమ్మంలో నిలబడి చెయ్యి చాపుతుంది. నేను కాగితాల్లో తల దూర్చి పని ఉన్నట్టు నటిస్తాను. కాసేపటికి తలెత్తితే గుమ్మం ఖాళీ. అడుగుల చప్పుడు కూడా వినపడదు. నిన్నయితే ఆ పిల్ల అసలు బడికే రాలేదట. మరి నేను చూసింది ఎవరిని? ఆయాని అడిగితే "ఈ గుమ్మం అంతేనమ్మా. మీ పెదనాన్న కూడా ఈ నెలలో నాలుగయ్యేసరికి గంట కొట్టేసి వెనక గేటునుంచి వెళ్ళిపోయేవాడు" అంది.

నాకు వణుకు పుట్టించి మీరక్కడ గాలి పీలుస్తున్నారు. కాలేజీకి పంపాల్సిన పిల్లని కాపలా కాస్తున్నాను నేను. వెనక్కి తీసుకున్నవాళ్ళకి సీట్లెలా వచ్చాయి? నాలుగింటికి మీ గదికి వచ్చేది ఎవరు? ఈసారి దాటెయ్యకండి.

కాస్త కోపంగా, అయినా మీ బుజ్జమ్మే


14వ తేదీ

బుజ్జమ్మకి,

ఎవరికీ చెప్పలేదు. మీ పెద్దమ్మకి కూడా. తనున్నప్పుడు చెప్పాల్సింది.

ముప్ఫై ఒక్కేళ్ళ కిందట. కవర్ల బీరువా నా చేతిలో ఉండేది. అడ్రసులు రాసేది కూడా నేనే. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని. ఒక అమ్మాయి నాలుగింటికి వచ్చింది. నా కవరు ఇవ్వు గంటన్నా అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆడపిల్లని ఏమని అడుగుతాను? నాకు మాటలు రావు. తీసి ఇచ్చేశాను. తను వెంటనే వెళ్ళలేదు. అలాగే నిలబడింది. ఎందుకని నేను అడుగుతానని కాబోలు. నేను తాళాల గుత్తి చూస్తూ కూర్చున్నాను.

మర్నాటి నుంచి రాలేదు. వారానికి వాళ్ళిల్లు తాళం వేసి ఉంది. ఆ వారమే ఊరవతల కాలవలో ఎవరో ఆడపిల్ల శవం దొరికిందన్నారు. ఎవరని నేను అడగలేదు. అడగకుండానే నాకు తెలిసిపోయిందనుకున్నాను.

ఆ తర్వాత ఎవరు కవరు అడిగినా ఇవ్వలేదు. ఇచ్చినట్టే ఇచ్చాను. అలాంటి కవరే ఇంకొకటి తెచ్చి, తెల్ల కాగితాలు పెట్టి అంటించి, అదే అడ్రసు రాసి ఇచ్చేవాణ్ణి. పిల్లలు చించి పారేసేవాళ్ళు. విప్పి చూసినవాళ్ళు లేరు. అసలు కవరు ఇరవయ్యో తారీకున పోస్టులో పడేది. పద్నాలుగేళ్ళలో పదకొండు మంది. హెడ్మాస్టరు గారు చెప్పిన మంచి చెయ్యి అదే.

పదిమందికి మంచే జరిగింది. మిఠాయి తెచ్చిచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఆఖరివాడు ఒక అబ్బాయి. వాళ్ళమ్మ మంచం మీద ఉంది. చూసేవాళ్ళు ఇంకెవరూ లేరు. అందుకే వద్దనుకున్నాడు. నాకా సంగతి తెలియదు. సీటు వచ్చిందని కాగితం వచ్చింది. అందరూ వెళ్ళమన్నారు. వాళ్ళమ్మే ఎక్కువ వెళ్ళమంది. వెళ్ళాడు. రెండు నెలలకి ఆవిడ పోయింది. వాడికి చివరిచూపు దక్కలేదు. తర్వాత బడికి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నేను చించేసిన కవరు ఎలా వెళ్ళింది గంటన్నా అన్నాడు. అప్పుడూ గుత్తి చూస్తూ కూర్చున్నాను. ఆ ఏడే బడి మానేశాను.

తలుపు కొట్టేది ఆ కాలవ అమ్మాయి. ఒక్కసారి కూడా తలుపు తియ్యలేదు నేను.

నువ్వు కవరు ఇవ్వాలో ఆపాలో నాకు తెలియదమ్మా. రెండూ చేశాను. ఎందుకు వద్దంటున్నావని ఒక్క పిల్లనీ అడగలేదు. ఇంకా ఆరు రోజులుంది. నువ్వు అడుగు.

నీ పెదనాన్న


20వ తేదీ

ప్రియమైన పెదనాన్నకి,

ముందు మీరు కూర్చుని చదవండి.

అడిగాను. గుత్తి ఆ పిల్ల చేతిలో పెట్టి, "బీరువా తెరిచి నీ కవరు తీసుకో. కానీ ఎందుకో చెప్పు" అన్నాను. మొదటిరోజు చెప్పలేదు. రెండోరోజు ఏడ్చింది. మూడోరోజు చెప్పింది. పక్షవాతం వచ్చి వాళ్ళ నాన్నకి మాట పడిపోయిందట. ఆయన సైగలు ఇంట్లో ఈ పిల్ల ఒక్కదానికే అర్థమవుతాయట. "నేను వెళితే ఆయన ఎవరితో మాట్లాడతారు మేడమ్?" అంది.

ఊరి పక్కనే, బస్సులో ముప్పావుగంట దూరంలో ఒక కాలేజీ ఉంది. అక్కడా లెక్కలు చెబుతారు. ఇంత తెలివైన పిల్లని అక్కడికి పంపడమేమిటని మేమెవరం ఆ పేరే ఎత్తలేదు. నిన్న కూర్చుని కొత్త దరఖాస్తు రాశాం. పాత కవరు తనే చించింది. ఈ పొద్దున తనే వెళ్ళి పోస్టు చేసి వచ్చింది. "మీ తాళం దొరికిందన్నమాట" అని నవ్వింది కూడా. దెబ్బకి దెబ్బ.

ఇక రెండోది. మీరు చెప్పిన సంవత్సరం కట్టలు రికార్డు గదిలో వెతికించాను. ఆ ఏడాది ఈ నెలలో బడి వదిలిన ఆడపిల్ల ఒక్కతే. తన పేరు మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి టీసీ. తండ్రికి వేరే ఊరు బదిలీ అని రాసుంది. రెండోది ఏడాది తర్వాత ఒక కాలేజీ రాసిన ఉత్తరం. మా దగ్గర చేరిన ఈ విద్యార్థిని మార్కులు సరైనవేనా అని అడిగారు. సరైనవే అని మన బడి జవాబిచ్చింది.

కవరు మీద మారిపోయే ఇంటి చిరునామా ఉండి ఉంటుంది పెదనాన్నా. అది దిద్దుకోవడానికే అడిగి ఉంటుంది. ఊరు వదలాల్సొస్తోందని ఏడ్చి ఉంటుంది. అంతే. కాలవలో దొరికింది ఎవరో మరి, ఆ అమ్మాయి మాత్రం కాదు. ఆ కట్ట పక్కనున్న రికార్డు గదిలోనే, మీ కుర్చీకి నాలుగడుగుల్లో ఉంది ఇన్నేళ్ళూ.

ఇకనైనా నాలుగింటికి హాయిగా కునుకు తియ్యండి.

ప్రేమతో, మీ బుజ్జమ్మ


24వ తేదీ

బుజ్జమ్మకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ అమ్మాయి బతికింది. చదువుకుంది. మంచిది. చాలా మంచిది. నువ్వు నాకంటే బాగా చేశావు.

నిన్న నాలుగింటికి మళ్ళీ తలుపు కొట్టారు.

మంచం మీదనుంచి లేచాను. చదువుకుని ఎక్కడో ఉన్న మనిషి నా గుమ్మంలోకి ఎందుకొస్తుంది? తలుపు దాకా వెళ్ళి, ఎవరు అన్నాను. ఏం కావాలి అన్నాను. ఇన్నేళ్ళలో అడగడం అదే మొదలు.

అవతల పెద్దావిడ గొంతు. చాలా మెల్లిగా. బడి వదిలారుగా, మావాడింకా ఇంటికి రాలేదేం బాబూ అంది.

తలుపు తీశాను. మెట్ల మీద ఎవరూ లేరు. కింద దర్జీ తలెత్తి, ఏంటి తాతా తలుపు తీశావు, ఎండ పడుతుందిగా అన్నాడు.

నేను బడి మానేసిన ఏడాది కట్ట తీయించు. ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడో కనుక్కో. ఊరు ఎంత దూరమైనా సరే రాయి. వెళతాను. ఉత్తరం రాయను. ఎదురుగా నిలబడి చెబుతాను.

ఏం చెప్పాలో పొద్దుటినుంచి కూడబలుక్కుంటున్నాను. బాబూ, నీ కవరు పంపింది నేనే. అక్కడిదాకా వచ్చింది. ఆ తర్వాతి మాట ఇంకా దొరకలేదు.

పెదనాన్న