ఎవరి వైపు మచ్చలు

మార్చి 14, శుక్రవారం

చిరంజీవి బుడంకాయకు నాయనమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కనుక రాశాను, నమ్మనక్కర్లేదు. ఫోన్ చేస్తే మీ అమ్మే ఎత్తుతుంది, అందుకని ఉత్తరం.

ఆపరేషన్ కుట్లు ఆరుతున్నాయని విన్నాను. పేగులో చిన్న చిన్న కండలు గుత్తులుగా పెరిగాయని, వాటివల్లే పేగు పేగులోకి దూరిందని, ఇది వంశంలో వచ్చే అరుదైన జబ్బని డాక్టరు అన్నాడట. నీ పెదాల మీది నల్లచుక్కలు దాని గుర్తేనట. సిరా తాగావా అని నిన్ను ఏడిపించేదాన్ని.

పొద్దుటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వంటగదిలోకి వెళ్తాను, ఎందుకెళ్ళానో తెలియదు. అలమరలో పుస్తకాలన్నీ దించి, మళ్ళీ అలాగే ఎక్కించాను.

మీ మేనమామ సంగతి తెలిసిందా? ఈ చుక్కలు ఏ వైపువని డాక్టరు అడిగితే, కోడలి వైపువేనని అందరి ముందూ తేల్చేశాను కదా. పాపం ఆయన రోజంతా పస్తుండి, విరేచనాల మందు లీటర్ల కొద్దీ తాగి, పేగులోకి గొట్టం వేయించుకుని చూపించుకున్నాడు. లోపల అద్దంలా ఉందట. అక్క అత్తగారిని తలుచుకుంటూ బాత్‌రూమ్‌లోనే కాపురం పెట్టానన్నాడట. ఎలా తలుచుకున్నాడో మీ అమ్మ చెప్పలేదు, మర్యాదస్తురాలు. సోమవారం మీ అమ్మ వంతట.

మీ నాన్నను చూపించుకోమంటే, మన వైపు లేదని నువ్వే చెప్పావుగా అమ్మా అని బస్సు తోలుకుంటూ తిరుగుతున్నాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మొహంలో నెత్తురు లేదు. అడిగితే వయసంటాడు. యాభై నిండలేదు వెధవకి.

ఇట్లు
నీ మీద బెంగతో,
నాయనమ్మ

తా.క. పైన రాసిందంతా ఇది రాయకుండా ఉండటానికే. ఆ చుక్కలు నావి. పెళ్ళినాటికి నా పెదాల నిండా ఉండేవి, వయసుతో వెలిసిపోయాయి. బుగ్గ లోపలివి పోలేదు, ఇవాళ టార్చి వేసుకుని చూశాను. మీ నాన్నకూ పసితనంలో ఉండేవి. ముప్పై ఏళ్ళు బడిలో వంశపారంపర్యం పాఠం చెప్పినదాన్ని, లోపం మా ఇంటిదంటే ఒప్పుకోలేక కోడలి మీదకు తోశాను. ఈ కాగితం ముందు మీ అమ్మకు చదివి వినిపించు, తర్వాత డాక్టరుకివ్వు. రేపు మీ నాన్న డ్యూటీ దిగే వేళకు డిపో గేటు దగ్గర నిలబడతాను, ఇద్దరం కలిసే ఆస్పత్రికి వెళ్తాం. రానన్నాడంటే, తోటి డ్రైవర్లందరి ముందూ వాణ్ణి నోరు తెరవమంటాను. ముందు నాది తెరిచి చూపిస్తాను.