ఎర్ర దీపం మీద బొట్టుబిళ్ల

మహేశ్,

నేనే, సుధని. నువ్వు వెళ్లిపోయి పదకొండు నెలలైంది. ఇన్నాళ్లూ నీకు ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు కూడా కుదురుగా కూర్చుని రాయడం లేదు. రెండు వాక్యాలు రాసి లేస్తున్నాను, బాల్కనీలోకి వెళ్తున్నాను, మళ్లీ వస్తున్నాను...

నీ కారు గురించి చెప్పాలి.

మియాపూర్‌లో ఒకాయన దగ్గర దాన్ని కొన్న రోజు గుర్తుందా? బానెట్ ఎత్తితే లోపల ఎలుక గూడు. ఇంజన్ ఆయిల్ తారులా ఉంది. ఇంత పాడుబడ్డ బండి మనకెందుకని నేను గొణిగితే, "బండిది తప్పు లేదు సుధా. చూసుకునేటోళ్లు లేక గిట్లయింది" అన్నావు. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు సెల్లార్‌లో దాని కిందే గడిపావో...

నువ్వు పోయాక మూడు నెలలు అది కదల్లేదు. అత్తమ్మ తిరిగి జనగామ వెళ్లనంది, నాతోనే ఉంటోంది. నాకేమో ఇంట్లో నిలవబుద్ధి కాదు, ఆఫీసులో కూర్చోబుద్ధి కాదు. ఒక రోజు తాళాలు తీసుకుని కిందికి దిగాను. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. వాచ్‌మన్ పక్క బండి నుంచి వైర్లు కలిపి స్టార్ట్ చేశాడు.

అప్పటి నుంచి తిరుగుతూనే ఉన్నాను. లింగంపల్లి నుంచి మాదాపూర్ ఆఫీసుకు నేరుగా వెళ్లకుండా నానక్‌రామ్‌గూడ, కోకాపేట, ఎటు దారి ఖాళీగా కనిపిస్తే అటు. కారు కదులుతున్నంతసేపే ఊపిరి ఆడేది. సీటు మాత్రం జరపలేదు. నువ్వు కూర్చున్నంత వెనకే ఉంచి, నా వీపు వెనక దిండు పెట్టుకుని నడిపాను. పిచ్చా? అయ్యుంటుంది.

సర్వీసుకు తెమ్మని చందానగర్ మెకానిక్ కరీం భాయ్ మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఇస్తే కడుగుతారు, సీటు జరుపుతారు, నీ వాసన పోతుంది... బ్రేకు తొక్కినప్పుడు కీచుమంటే రేడియో పెంచాను. తర్వాత ఒక రోజు హ్యాండ్‌బ్రేక్ దించినా దాని ఎర్ర దీపం ఆరలేదు. రెండు రోజులు చూశాను. మూడో రోజు నా నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి దాని మీద అంటించాను.

రోజంతా ఇంకొకళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకునే నేను చేసిన పని అది.

పోయిన నెల అత్తమ్మను కంటి డాక్టరుకు చూపించడానికి గచ్చిబౌలి తీసుకెళ్తున్నాను. ఉదయం పది గంటలు. ఫ్లైఓవర్ దిగుతుంటే ముందు బండ్లన్నీ ఆగి ఉన్నాయి. బ్రేకు తొక్కాను. పెడల్ మెత్తగా అడుగు దాకా వెళ్లిపోయింది. మళ్లీ తొక్కాను. ఏమీ లేదు. ఎదురుగా బైక్ ట్యాక్సీ. దాని వెనక సీట్లో ఒక అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. ఆమె వీపు మీది లాప్‌టాప్ బ్యాగుకు వేలాడుతున్న బొమ్మ కూడా కనిపించింది, అంత దగ్గర...

"బ్రేకు వడకపోతే పరేషాన్ గాకు. గేరు దించు, హ్యాండ్‌బ్రేక్ మెల్లగ గుంజు." తెల్లాపూర్ ఖాళీ రోడ్ల మీద నాకు నేర్పుతూ నువ్వన్నావు. అది నాకు గుర్తొచ్చిందో, చేతులకే గుర్తొచ్చిందో తెలియదు. గేరు దించాను, గుంజాను, స్టీరింగ్ పక్క గోడ వైపు తిప్పాను. గోడను రాసుకుంటూ పోయి ఆగింది. హెడ్‌లైట్ పగిలింది. అత్తమ్మ బెల్టు పెట్టుకోలేదు, నుదురు కొట్టుకుని బొప్పి కట్టింది.

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ముందు బండ్లు కదిలాయి, వెళ్లిపోయింది. తన వెనక ఏం జరిగిందో ఆమెకు ఎప్పటికీ తెలియదు. నేను మాత్రం ఆమెను రోజూ చూస్తున్నాను.

అత్తమ్మ ఒక చేత్తో నుదురు పట్టుకుంది. రెండో చెయ్యి చాపి గోటితో ఆ బొట్టుబిళ్లను గీకి తీసింది. కింద దీపం వెలుగుతూనే ఉంది.

"గిదేంది బిడ్డా?"

చెప్పాను.

"వాడు వోయిండు. ఇగ నువ్వు గూడ వోతే నేనెవల మొకం జూడాలె?"

నా చోట నువ్వుంటే ఏం చెప్పేవాడివి?

బండిని కరీం భాయ్ షెడ్డుకు లాక్కెళ్లారు. అత్తమ్మ ఆటోలో నా వెంటే వచ్చి, స్టూలు వేయించుకుని అక్కడే కూర్చుంది. కరీం భాయ్ చక్రం విప్పి చూపించాడు. బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయి ఇనుము ఇనుముకు రాసుకుంటోంది. బ్రేక్ ఆయిల్ ఎప్పటి నుంచో కారిపోతోంది, ఆ ఎర్ర దీపం చెప్పింది అదే. తప్పంతా నాదేనని తల దించుకున్నాను. అప్పుడతను అన్నాడు, "మహేశ్ భాయ్ ఉన్నప్పుడే చెప్పిన మేడమ్, ప్యాడ్లు మార్చాలె అని. వచ్చే నెల తెస్త అన్నడు."

వచ్చే నెల... నువ్వు కూడానా?

ఆ రోజు నీ మీద మొదటిసారి కోపం వచ్చింది. బ్రేకుల గురించి కాదు. "జ్వరమే గద, ఫికర్ జెయ్యకు. రేపు జూద్దాం." మూడు రోజులు నీది అదే మాట. నాలుగో రోజు దవాఖానకు తీసుకెళ్లేసరికి నువ్వు నన్ను గుర్తుపట్టలేదు. ఎందుకలా వాయిదా వేశావు మహేశ్? ఎవరో పాడు చేసి వదిలేసిన బండి కింద రోజంతా పడుకునే ఓపిక నీకుంది కదా... నేనైనా ఆ మూడు రోజులు నీ మాట ఎందుకు విన్నాను?

కరీం భాయ్ పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నేను షెడ్డు బయటికి వచ్చి ఏడ్చాను. నీ కోసం కాదు, నీ మీద. అత్తమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. ఓదార్చలేదు. "నేను గూడ జెప్పిన వానికి, ఫోన్ల. ఇనలే" అంది. ఆ మాట పది నెలలు లోపలే పెట్టుకుందట.

బండి వారానికి తిరిగొచ్చింది. సీటు ముందుకు జరిపేశారు. దిండు తీసేశాను. కాళ్లు అందుతున్నాయి. ఊరికే తిరగడం ఇంకా మానలేదు, అబద్ధం చెప్పను. కాకపోతే ఇప్పుడు పక్క సీట్లో అత్తమ్మ ఉంటోంది, బెల్టు పెట్టుకుని.

అత్తమ్మను మళ్లీ తీసుకెళ్తే కంటి డాక్టరు శుక్లం తీయాలన్నారు. వచ్చే నెల చేద్దాం, తొందరేమీ లేదన్నారు. ఈ వారమే కుదురుతుందా అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశారు. సరేనన్నారు.

ఆపరేషన్ గురువారం. పొద్దున్నే బయల్దేరాలి. నేనే నడుపుతాను, మెల్లగా.

సుధ