రబ్బరా, పాలీయా

జూన్ 3
స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర కిర్రుమంటోంది. మెకానిక్ దండపాణి కారు ఎత్తి, చక్రాన్ని కారుకు కలిపే కీలులోని మెత్తను చూశాడు. "బుష్ చీలిపోయినాది మామా. మళ్లా పాలీయురేథేనేనా, రబ్బరా?"
చెబుతానన్నాను.

జూన్ 4
మూడేళ్ల కిందట పాలీ వేయించింది నేనే. మలుపుల్లో కారు ఊగదు, స్టీరింగ్ మాట వింటుంది... ఇంజనీరింగ్ చదివిన బుద్ధి. గట్టిది, రోడ్డు మీది ప్రతి గుంటా సీటుదాకా వస్తుందనీ తెలుసు. అప్పటికి నా భార్య సరోజకు జబ్బు లేదు.

జూన్ 7
కినత్తుకడవులో సరోజ వాళ్లమ్మ ఇల్లు. గురువారం అత్తకు కంటి ఆపరేషన్ — కారు తెస్తానన్నాను.
"బస్సులో వచ్చేస్తాను మాప్పిళ్లే. మీకెందుకు సెరమం." అల్లుణ్ణి అలాగే పిలుస్తుంది.
కారుండగా బస్సా?
కొబ్బరి పీచు ఒలుస్తూనే అంది: "ఆ కారు ఎముకల్లో కొడతాదని సరోజ చెప్పేది. మీతో అనవద్దన్నాది. ఆశగా చేయించుకున్నారమ్మా, అన్నాది."

జూన్ 8
వెన్నెముకకు పాకిన జబ్బుతో, పోయేదాకా పదకొండు నెలలు, వారం వారం ఆసుపత్రికి, ఆ సీటులో. నొస్తోందా అంటే "సెరి, పోండి" అనేది. కిటికీపైన ఉండే పిడి వదిలేది కాదు. అలవాటనుకున్నాను.

జూన్ 9
రబ్బరు వెయ్యమని దండపాణికి ఫోన్ చేశాను.
"ఇప్పుడెందుకు మామా? ఒంటి మనిషికి పాలీనే..." అని, "సెరి, రేపు తేండి" అన్నాడు.

జూన్ 10
పాలీ బుష్ లోపలి గొట్టం వదులుగా తిరుగుతుంది, ఎలా బిగించినా ఒకటే. రబ్బరు అలా కాదు, గొట్టానికి అతుక్కునే ఉంటుంది. కారు గాలిలో ఉండగా బిగిస్తే, కిందికి దించగానే మెలిపడి త్వరగా చిరుగుతుంది. చక్రాలు నేలమీద, రోజూ ఉండే బరువుతో బిగించాలి. చాలామంది ఖాళీ కారుకే బిగిస్తారు. దండపాణి మనిషిని కూర్చోబెడతాడు.
కూర్చున్నాను. కింద గుంటలోనుంచి దండపాణి గొంతు — "పక్కన ఎవురైనా కూచుంటారా మామా? అట్లే బిగించేసేదా?"
ఎడమ సీటు ఇంకా వెనక్కి వాలే ఉంది. తను వాల్చుకున్నంత.
రేపు చూద్దామన్నాను. ఆటోలో ఇంటికి.

జూన్ 11
అత్తకు ఫోన్. రబ్బరు వేయిస్తున్నానని మాత్రం చెప్పాను.
"ఆపరేషన్ రేపు కదా... చూస్తాము మాప్పిళ్లే."
దండపాణి రెండుసార్లు పిలిచాడు. ఎత్తలేదు. పక్క సీటులో ఎవరో ఇంకా తేలలేదు, బోల్టు వదులుగానే ఉంది.