మేపుల్ దుంగ దాహం

లారెల్ వాగు, టెనెసీ
నవంబరు 12, 1983

ప్రియమైన ఎన్నిస్‌కి,

వెర్లీ వందనాలతో రాసేది. నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, తప్పులు కూడా ఉంటాయి. ఆరో తరగతితో బడి మానేసినదాన్ని, మన్నించి చదువుకో.

నువ్వు చెప్పినట్టే మేపుల్ దుంగని షెడ్డు వెనక మట్టిలో నిలబెట్టి తడి ఆకులు కప్పాను. బూజు బాగా పట్టాలని ప్రతి శనివారం దానికి ఒక సీసా బీరు పొయ్యమన్నావు. మన జిల్లాలో బీరు అమ్మరన్న సంగతి నువ్వు బస్సెక్కి వెళ్ళాక గుర్తొచ్చింది. పికప్ ట్రక్కు తీసుకుని జిల్లా సరిహద్దు దాటి వెళ్ళాను. కొట్లోంచి బయటికొస్తుంటే ఎదురుగా మన చర్చి పెద్ద, డీకన్ గారి భార్య ఓపలీన్ గారు పెట్రోలు పోయించుకుంటున్నారు.

"సంచీలో ఏముందమ్మాయ్?" అన్నారు.

బీరండీ అన్నాను. ఎవరికని అడిగారు. దుంగకని చెప్పబోయాను. చెబితే తాగుబోతునే కాక పిచ్చిదాన్ని కూడా అవుతానని నేల చూస్తూ నిలబడ్డాను. ఆవిడ నా భుజం తట్టి వెళ్ళిపోయారు. ఆ తట్టడం నాకు నచ్చలేదు.

చదివాక ఈ ఉత్తరం కాల్చెయ్.

నీ భార్య,
వెర్లీ

తా.క. పెట్రోలు మన ఊళ్ళోనే చౌక. ఆవిడ అంత దూరం ఎందుకొచ్చారో నేను అడగలేదు.


ఏక్రన్, ఒహాయో
నవంబరు 21

ప్రియమైన వెర్లీకి,

నీ రాత బాగానే ఉంది. ఊళ్ళోవాళ్ళని పట్టించుకోకు. మన బతుకంతా ఆ దుంగ మీదే ఉంది.

ఆ చెక్క కుళ్ళాలి, కానీ పూర్తిగా కుళ్ళకూడదు. లోపల ఒక బూజు పాకుతూ పోయి ఇంకో బూజుకి ఎదురుపడితే, పడని అన్నదమ్ముల్లా రెండూ మధ్యలో గోడ కట్టుకుంటాయి. సిరాతో గీసినట్టుండే నల్లగీతలు అవే. అలాంటి చెక్కని లేతు యంత్రం మీద తిప్పుతూ కూజాగా చెక్కి, రెండు వేళ్ళు పట్టే మూతిలోంచి వంకీ ఉలి దూర్చి లోపలంతా తొలవాలి. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు, చప్పుడు వినే తెలుసుకోవాలి. గోడ బిస్కెట్టంత పలచన. చెక్క మరీ మెత్తబడితే ఉలి గోడ చీల్చుకుని బయటికొచ్చి మనల్ని పలకరిస్తుంది.

జూన్‌లో జరిగే చేతిపనుల సంత పెద్దలు ఆ కూజాని ఒప్పుకుంటే, ఈ టైర్ల ఫ్యాక్టరీకి దణ్ణం పెట్టి ఇంటికొచ్చేస్తాను. ఒప్పుకోకపోతే ఇంకా ఎన్నేళ్ళు ఇక్కడుండాలో తెలియదు. మా నాన్న లెక్క ప్రకారం దుంగ ఏప్రిల్ చివరికి పక్వానికొస్తుంది. అప్పుడు సెలవు పెట్టి వస్తాను. ఈలోగా గోరు గుచ్చి చూస్తూ ఉండు. దిగిందంటే చెయ్యి దాటినట్టే.

ప్రేమతో,
ఎన్నిస్

తా.క. ఉత్తరం కాల్చలేదు. అద్దె గదిలో అగ్గిపుల్ల గీస్తే ఇంటామె ఖాళీ చెయ్యమంటుంది.


లారెల్ వాగు
జనవరి 17, 1984

ప్రియమైన ఎన్నిస్‌కి,

వెర్లీ వందనాలతో రాసేది. చలికి వేళ్ళు వంకర్లు పోతున్నాయి, రాత ఇంకా పాడయింది, మన్నించు.

బుధవారం చర్చి ప్రార్థనలో, తాగుడు మానాల్సినవాళ్ళ జాబితాలో నా పేరు చదివారు. మర్నాడు పాస్టరు బ్రదర్ హస్కెల్ ఇంటికొచ్చారు. మొక్కజొన్న రొట్టె పెట్టాను. ఆయన తినకుండా, "నీ భారం దించేసుకో తల్లీ" అన్నారు. దుంగ సంగతి చెబుదామని నోరు తెరిచేసరికి ఆయన ఏడుస్తున్నారు. మగమనిషి ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే కుళ్ళిన చెక్క గురించి ఎలా మాట్లాడను? సరేనండీ అన్నాను. ఆదివారం వాగులో మంచు గొడ్డలితో పగలగొట్టి బాప్తిస్మం ఇచ్చారు. చిన్నప్పుడే తీసుకున్నానని చెప్పాను, అది పట్టలేదన్నారు.

శనివారం వచ్చింది. దుంగకి శనివారం శనివారమే కదా, మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ ఓపలీన్ గారు. మళ్ళీ వాగు. రెండోసారి కొంచెం అలవాటైంది, ఊపిరి ముందే బిగపట్టాను.

ఇది మాత్రం తప్పకుండా కాల్చెయ్. అగ్గిపుల్ల కుదరకపోతే చించి మింగెయ్.

నీ భార్య,
వెర్లీ

తా.క. ఆకులు తీసి చూశాను. దుంగ పైన నల్లగీతలు మొదలయ్యాయి. నాకు దగ్గు మొదలైంది.


ఏక్రన్
ఫిబ్రవరి 9

ప్రియమైన వెర్లీకి,

నువ్వు తాగుతున్నావని మా అమ్మ ఉత్తరం రాసింది. నేను కోప్పడటం లేదు, ముందే చెబుతున్నాను. కానీ తాగని మనిషి రెండుసార్లు ఎందుకు మునుగుతుంది? నీ ఉత్తరాలు రెండూ మళ్ళీ చదివాను. తాగలేదని ఎక్కడా రాయలేదు.

దుంగ పేరు చెప్పి సీసా కొనడం మొదలుపెడితే ఆ సీసా చివరికి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఇక కొనకు. దానికి వాననీళ్ళు చాలు. నేను ఏప్రిల్ చివరికి వస్తాను. అంతకంటే ముందు వస్తే మేస్త్రీ ఉద్యోగంలోంచి తీసేస్తానన్నాడు.

బెంగతో,
ఎన్నిస్

తా.క. మా గదిలో ఒకడు తాగుడు మానేసినప్పుడు పుల్లటి నిమ్మబిళ్ళలు చప్పరించేవాడు. ఒక డబ్బా పంపుతున్నాను.


లారెల్ వాగు
మార్చి 6

ప్రియమైన ఎన్నిస్‌కి,

వెర్లీ వందనాలతో రాసేది. నిమ్మబిళ్ళలు అందాయి. నేను ఒక్క చుక్క కూడా తాగలేదు. ఈ మాట మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది, ఎవరైనా అడుగుతారనుకోలేదు.

రెండోసారి మునిగాక సీసా కొనలేదు. కానీ ఎలా మారానో చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, "వారం వారం సీసా కొనేదాన్ని. ఇప్పుడు కొనడం లేదు" అని కూర్చున్నాను. రెండూ నిజమే. అందరూ ఏడ్చారు. ఇంత చిన్న సాక్ష్యం ఎప్పుడూ వినలేదని కొండ అవతలి చర్చీలవాళ్ళు కూడా పిలిచారు. అప్పటినుంచి తాగుడు మానాలనుకున్న మగవాళ్ళు సీసాలు తెచ్చి నా చేతికే ఇస్తున్నారు. ఇంట్లో పెట్టుకుంటే బాగుండదని, ఆడవాళ్ళు పాటలు పాడుతుంటే అందరి ఎదుటా షెడ్డు వెనక ఆకుల మీద పారబోస్తున్నాను. దుంగకి ఏ లోటూ లేదు.

మొన్న ఆదివారం మీ బాబాయి కొడుకు డోయిల్ లేచాడు. చర్చి నిండా జనం. టోపీ నలుపుతూ, "నేనూ, ఎన్నిస్, బతికున్నన్నాళ్ళు పెదనాన్నా, దుంగకని తెచ్చిన ప్రతి సీసా షెడ్డులో మేమే తాగేశాం. దుంగకి ఎప్పుడూ వాననీళ్ళే పోశాం. పెద్దమ్మకి తెలియదు" అన్నాడు.

మీ అమ్మ ముందు వరసలోనే ఉంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "వెర్లీ, మీ మామగారి సమాధి మీద పోయినవారం పువ్వులు పెట్టాను. రేపు వెళ్ళి వెనక్కి తీసుకురా" అంది. తెచ్చాను.

వాననీళ్ళు చాలని నువ్వు రాసినప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఇప్పుడు అసలు సంగతి విను. మీ వంశంలో నిజంగా తాగిన మొదటి దుంగ ఇదే. అందుకే మీ నాన్న లెక్క దీనికి పనికిరాలేదు. నిన్న గోరు గుచ్చితే నడిమి చెక్క గట్టిగానే ఉంది కానీ, బెరడు పక్కన వెన్నలో దిగినట్టు దిగింది. ఏప్రిల్ దాకా ఆగితే పొడి మిగులుతుంది. డోయిల్ చేత అడ్డంగా కోయించాను. కోసిన ముఖం చూసి డోయిల్ టోపీ తీసేశాడు. మన కొండల్లో వాగులన్నీ నల్లసిరాతో గీసినట్టుంది. ఇక ఎండిపోయి పగలకుండా చివర్లకి మైనం పూశాను.

మేస్త్రీ తీసేస్తే తీసెయ్యనీ. ఇలాంటి చెక్క మళ్ళీ తయారవ్వాలంటే ఇంతమంది మళ్ళీ తాగుడు మానాలి. అంతమంది ఇక్కడ మిగల్లేదు.

లేతుకి నూనె వేశాను, ఉలి నూరి పెట్టాను. కోసిన ముక్క మాత్రం బ్రదర్ హస్కెల్ గారి కొట్టంలో తాళం వేసి ఉంది. నీ సాక్ష్యం అయ్యాకే తాళం ఇస్తానన్నారు. వచ్చే ఆదివారానికి నీ పేరు రాయించాను. శనివారం బస్సుకి పికప్ తెస్తాను.

ఈ ఉత్తరం కాల్చెయ్. ఇంటామె ఖాళీ చెయ్యమంటే మరీ మంచిది.

నీ భార్య,
వెర్లీ

తా.క. వాగులో మంచు కరిగింది. నిన్ను కాస్త ఎక్కువసేపే ముంచమని మీ అమ్మ బ్రదర్ హస్కెల్ గారిని అడిగింది.