దాహం వేస్తేనే తాగు

అమ్మలూ, స్కూలు యూనిఫాంలు ఇవాళే కుట్టి ఇచ్చెయ్యాలి, టైలరింగు కొట్టుకి వెళ్తున్నాను. లేవగానే ఏదైనా తిను. రెండు రోజులు మెట్లు దిగొద్దు. దాహం వేస్తేనే నీళ్లు తాగు. ఎవరు బతిమాలినా వినకు, ముఖ్యంగా నేను.

ఆదివారం నా ఘనకార్యం తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది. నువ్వు పందెంలో ఇరవై కిలోమీటర్లు పరుగెడుతుంటే, స్కూటరు మీద వెంటపడి మలుపు మలుపుకీ సీసా అందించాను. "వద్దమ్మా, కడుపులో గుడగుడలాడుతోంది" అన్నావు. "నోరు మూసుకుని తాగు" అన్నాను. నోరు మూసుకుని ఎలా తాగుతారో నాకూ తెలీదు.

చివరికి నీ వేళ్లు ఉబ్బాయి, వాంతయింది. నన్నే పట్టుకుని "ఆంటీ, మా అమ్మేది?" అన్నావు. నేనేమో నీళ్లు చాల్లేదనుకుని ఇంకో సీసా మూత తీశాను. పందెం వాళ్ల మందుల టెంటులో ఉన్న నర్సమ్మ లాక్కుంది కాబట్టి సరిపోయింది.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు "నీళ్లు ఎక్కువై రక్తంలో ఉప్పు పలచబడింది. ఇంకాస్త తాగి ఉంటే ఫిట్స్ వచ్చేవి. అన్ని నీళ్లు ఎవరు పట్టించారు?" అని అడిగాడు. వీధి వీధంతటికీ సలహాలిచ్చే నేను, గోడ మీద క్యాలెండరు చదువుతూ నిలబడ్డాను. "నేనే తాగాను సార్" అన్నావు నువ్వు. అప్పట్నుంచీ నీ మొహం చూడలేకపోతున్నాను. అందుకే లేపకుండా ఈ చీటీ.

ఇంకో మాట. పరుగు మానేస్తానని నాన్నతో అన్నావట. మానకు. ఈసారి నేను రాను, ఇంట్లోనే కూర్చుని కంగారుపడతాను. ఆ పని నాకు బాగా వచ్చు.

అమ్మ